ఈ బల్బు కింద ఒక్క సంతకం పెట్టండి సారూ

అధ్యక్షత వహించిన డివిజనల్ ఇంజనీరు గారికి, వేదిక మీదున్న యూనియన్ పెద్దలకి, ముప్పై నాలుగేళ్లుగా నాతోపాటు స్తంభాలెక్కి దిగిన లైన్‌మెన్ సోదరులకి, కాలవగట్టు పేట నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకి, ఇన్నేళ్లూ వానాకాలం వస్తే చాలు నేను ఇంటికి చేరేదాకా ముద్ద ముట్టని నా భార్య క్రిస్టినాకి, అందరికీ నా వందనాలు.

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్లంతా ఈ జీవరాజు చాలా మంచివాడన్నారు. ఒక్కరు కూడా నాకు మెమో ఇచ్చిన సంగతి ఎత్తలేదు. (నవ్వులు) నవ్వకండి, నవ్వించడానికి చెప్పట్లేదు. రిటైరవుతున్నానని శాలువా కప్పారు, దండ వేశారు, చాలా సంతోషం. కానీ మీరు పంచిన ఈ కరపత్రంలో మూడో పేరా చదివి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. 'మన సెక్షన్‌లో ఇంటింటా ఎల్.ఇ.డి. వెలుగులు నింపిన ఆఫీసు కృషి' అని వేశారండి. ఎవరి కృషి? ఆ సంగతి చెప్పకుండా దిగిపోతే ఇంటికెళ్లినా నాకు నిద్ర పట్టదు.

కాలవగట్టు పేటలో నలభై రెండు ఇళ్లు. మగవాళ్లు కూలికెళతారు, ఆడవాళ్లు లేసు అల్లుతారు. తెల్ల దారం, సన్న సూది. రేకుల ఇళ్లు, కిటికీలుండవు, పట్టపగలే లైటు వేసుకోవాలి. అక్కడ హెలెన్ అక్క ఇంట్లో వంద వాట్ల పాత బల్బు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నెత్తిమీదే మండుతూ ఉండేది. వేసవిలో ఆ వేడికి చెమట దారం మీద పడితే మరక పడుతుందని, మెడకి తువ్వాలు చుట్టుకుని అల్లేది. బిల్లు తీయడానికి మా కుర్రాళ్లు వెళితే ఆవిడ అడిగే మాట ఒక్కటే. "ఏసీ లేదు, ఫ్రిజ్జు లేదు, ఇంత బిల్లు ఎలా వస్తుందండీ బాబూ?" మావాళ్లు "వాడితే వస్తుందమ్మా" అని వచ్చేసేవారు. అది జవాబేనా? పొదుపంటే మనం గోడల మీద రాసుకునే మాటేనా, ఆ ఇంట్లోకి వెళ్లి చెప్పే మాట కాదా?

ఒకరోజు నేనే వెళ్లాను. ఫ్యాను, టీవీ అన్నీ ఆపించి, ఆ పాత బల్బు ఒక్కటే వేయించి, మీటరు మీద ఎర్ర దీపం ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెట్టమన్నాను. నిమిషానికి అయిదుసార్లు. తరవాత మా ఇంటి నుంచి తెచ్చిన పన్నెండు వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టాను. వెలుతురు అంతే ఉంది. నిమిషం దాటి, ఇంకో అరనిమిషం గడిచాక గాని ఆ దీపం ఒక్కసారి మిణుకుమనలేదు. అక్క కంగారుపడి "మీటరు పాడైపోయిందేమో చూడు తమ్ముడూ" అంది. (నవ్వులు) పాడవలేదక్కా, కరెంటు అంతే తింటోందన్నాను. మర్నాటికి పేటంతా కావాలంది. పాత బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్టు, కొత్తదైతే అందులో ఎనిమిదో వంతు. నాలుగో తరగతి పిల్లకైనా తెలిసే లెక్క.

అందరూ డబ్బులు పోగుచేశారు. ఎక్కడ కొనాలని అడిగితే షాపు చూపించింది నేనే. పేరు చెప్పను. నా వెనకున్న ఫ్లెక్సీలో కింద మూల 'సౌజన్యం' అని ఉంది, చదువుకోండి. (జనం ఫ్లెక్సీ వైపు చూశారు)

రెండేళ్ల గ్యారంటీ అన్న బల్బులు మూడు నెలలకే ఇరవై ఆరు మాడిపోయాయి. వెలుగుతున్నవి సన్నగా కొట్టుకుంటున్నాయి. ఆ వణికే వెలుతురులో కుట్లు తప్పి, వారాల తరబడి అల్లిన లేసు వెనక్కి వచ్చేసింది. తలనొప్పులు, కళ్లలో నీళ్లు. షాపుకెళితే, "మీ పేటలో ఓల్టేజీ తేడా అమ్మా, మీ లైన్‌మెన్‌ని అడగండి" అన్నాడు. అందరూ పాత బల్బులు మళ్లీ ఎక్కించేశారు, బిల్లు మళ్లీ మామూలే. చెప్పు తెగినా, గొడుగు విరిగినా 'ఇదీ జీవరాజు బల్బేరా' అనడం మొదలైంది. (నవ్వులు) దానికి నేనూ నవ్వాను. కానీ అక్క నవ్వలేదు. "ఆ షాపు మొహం చూసి కొనలేదు తమ్ముడూ, నీ నోటి మాట నమ్మి కొన్నాం" అంది.

ఇరవై ఒక్క రోజులు, పూటపూటా ఓల్టేజీ కొలిచి రాశాను. లైన్‌లో తప్పు లేదు. ఆ కాగితాలు అప్పటి అధికారి బల్ల మీద పెడితే ఆయన చదవనైనా చదవలేదు. "నువ్వు కరెంటు చూసుకోవయ్యా, బల్బు సంగతి వాళ్లు చూసుకుంటారు" అన్నారు. వారం తిరక్కుండా నాకే మెమో వచ్చింది, ప్రైవేటు సరుకుకి ప్రచారం చేశానని. ఇంక్రిమెంటు ఆపేశారు. నాసిరకం అమ్మినవాడికి ఒక్క చీటీ అయినా వెళ్లిందా అంటే లేదు. పేదవాళ్లింట్లో మాడితే అది బల్బు తప్పు కాదు, వాళ్ల ఖర్మ! ఇదేం న్యాయమండీ?

నేను భయపడి ఊరుకున్నాను. ఈ సభలో దాచుకోవడం దేనికి, నా కోపంలో మొదటి వాటా నామీదే.

ఊరుకోనిది హెలెన్ అక్క. ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, పంతొమ్మిది మంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని, గోనెసంచిలో మాడిన బల్బులు, చేతిలో వైరు తొడిగిన హోల్డరు, అందులో కొట్టుకుంటున్న బల్బు ఒకటి పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అర్జీ ఇచ్చి, "ట్యూబులైటు ఆర్పించి, ఈ బల్బు కింద ఒక్క సంతకం పెట్టండి సారూ" అంది. అక్కడ అర్జీలు తీసుకుంటున్న అధికారి విసుక్కున్నారు. వెనకనున్న వాళ్లెవరో "ఆవిడ మాట వినండి సార్" అంటే సరేనన్నారు. కర్టెన్లు వేశారు. ఆయన అర్జీ చదవడం మొదలుపెట్టి నాలుగు నిమిషాలు తిరక్కుండా కళ్లు నలుపుకుని, "తీసెయ్యండమ్మా, చదవలేకపోతున్నాను" అన్నారు.

"మూడు నెలలు దీని కిందే కూర్చున్నామండి. మావీ కళ్లేనండి" అంది అక్క. గట్టిగా కూడా అనలేదు.

ఆయన మంచివాడు. ట్యూబులైటు వేయించి అక్కడికక్కడే సంతకం పెట్టారు. బల్బులు పరీక్షకి వెళ్లాయి. పెట్టె మీద రాసింది ఒకటి, లోపలున్నది ఇంకొకటి అని తేలింది. షాపువాడు చచ్చినట్టు డబ్బు వెనక్కి ఇచ్చాడు. రెండోసారి కొనేటప్పుడు వాళ్లు నన్ను అడగలేదు. (నవ్వులు) ఒక్కో బల్బూ వెలిగించి చూపించమన్నారు, ఫోను కెమెరాలో చూసి చారలు కనిపిస్తే, అది కొట్టుకునే బల్బేనని పక్కన పెట్టేశారు, గ్యారంటీ కార్డు మీద స్టాంపు వేయించుకున్నారు. ఆ బల్బులు నాలుగేళ్లుగా వెలుగుతున్నాయి. అక్క ఇంట్లో బిల్లు సగానికి దిగింది. ఆ మిగులుతో కళ్లజోడు చేయించుకుంది. వాళ్లని చూసి చుట్టుపక్కల ఊళ్లన్నీ మార్చుకున్నాయి.

ఆఫీసు కృషి అంటే ఇదండి! ఆవిణ్ణి ఎవరైనా వేదిక మీదకి పిలిచారా? గంటన్నర నుంచి చూస్తున్నాను, ఆ చివర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కాస్త కుర్చీ వెయ్యండయ్యా ఎవరైనా. (కుర్చీ వేశారు) వద్దనకక్కా, కూర్చో.

డి.ఇ. గారూ, మీరు కొత్తగా వచ్చారు, ఇందులో మీ తప్పేమీ లేదు. నా మెమో కొట్టెయ్యమని అడగట్లేదు. నా సర్వీసు పుస్తకంలో దాన్ని అలాగే ఉంచండి. దాని పక్కన హెలెన్ అక్క ఇచ్చిన అర్జీ నకలు ఒకటి కలిపి కుట్టించండి. రేపు నా సీట్లోకి వచ్చేవాడు ఒకటి చదివితే రెండోదీ చదవాలి.

నన్ను ఇంతకాలం భరించిన మీ అందరికీ, తప్పు దారి చూపించినా మళ్లీ నన్ను గుమ్మంలోకి రానిచ్చిన ఆ నలభై రెండు ఇళ్లకీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నాకిక సెలవు ఇప్పించండి.