అర్ధవాక్య సిద్ధాంతం

కోతలు కొయ్యడానికి కొడవలి అక్కర్లేదు, వినడానికి నలుగురు దొరికితే చాలు. ఆ ఉదయం యూనివర్సిటీ క్యాంటీన్‌లో సిద్ధాంతికి ముగ్గురే దొరికారు. టీ కాచే మాస్టరు, సిద్ధాంతి బావమరిది, కిటికీ పక్కన ఒక ముసలాయన. ఆ ముసలాయన ఎవరో అక్కడ ఎవరికీ తెలీదు. చెవులున్నాయి కదా, చాల్లే అని సిద్ధాంతి ఆయన్నీ కలుపుకున్నాడు.

సిద్ధాంతి అంటే జాతకాలు చెప్పే మనిషి కాదు. ఆరేళ్లుగా డిటెక్టివ్ నవలల మీద సిద్ధాంత గ్రంథం రాస్తున్నాడని తోటివాళ్లు పెట్టిన పేరది. పదకొండు గంటలకి వైవా. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాడు, ఈయన చెప్పాలి. నెగ్గితే డాక్టరేటు. నెగ్గకపోతే ఇక గడువు లేదు, ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈ ఆరేళ్లూ ఇల్లు నెట్టుకొచ్చింది ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్య. డ్యూటీ నుంచి వచ్చి, వాచిన కాళ్లు వేణ్ణీళ్ల బకెట్లో పెట్టుకుని, నాలుగొందల పేజీలూ టైపు చేసింది కూడా ఆవిడే. ఇవాళ సెలవు దొరక్క తమ్ముణ్ణి తోడు పంపింది. ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా సిద్ధాంతికి భయమేస్తోంది. భయమేస్తే కొందరు గోళ్లు కొరుక్కుంటారు. ఈయన కోతలు కోస్తాడు.

"మొదట్లో నాదేం గొప్ప లేదు మాస్టర్. లైబ్రరీలో ఓ మూల పడున్న పాత అద్దె నవలలు, రెండొందల పన్నెండు, దుమ్ము దులిపి చదివాను, అంతే. 'ఇవీ సాహిత్యమేనా, బస్టాండు పుస్తకాలు' అని డిపార్టుమెంటంతా ముక్కు మూసుకుంది. నేను కిమ్మనలేదు. చదువుతూ చదువుతూ పోతే ఏం బయటపడిందో తెలుసా?"

"తుమ్ములు," అన్నాడు బావమరిది.

"నోర్ముయ్యరా. ఈ నవలలు రాసినవాళ్లు హంతకుడెవరో చెప్పరు! ఒక్కడంటే ఒక్కడు చెప్పడు. 'తలుపు తెరుచుకుంది, ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడి ఉన్నది' అంటాడు, అంతే, అక్కడితో సరి! రెండొందల పన్నెండు నవలలు, రెండొందల పన్నెండు సగం వాక్యాలు. అదీ నా అర్ధవాక్య సిద్ధాంతం. మిగతా సగం పాఠకుడు తన మనసులో వెతుక్కోవాలి. అంటే ఏంటన్నమాట? పాఠకుడే హంతకుడు!"

మాస్టరు పాలగిన్నె దించి తన చేతులకేసి ఒకసారి చూసుకున్నాడు. "మీ గైడుగారు ఏమన్నారండీ?"

"ఎర్ర సిరాతో 'అద్భుతం' అని రాశారు. ఆయన జన్మలో డిటెక్టివ్ నవల ముట్టిన మనిషి కాదు. అందుకే అంత నిష్పక్షపాతంగా రాయగలిగారు."

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. వరండాకి అవతలి గదిలోకి అటెండరు కుర్చీలు మోస్తున్నాడు. ఆ పరీక్షకుడు ఎక్కువ అడగడనీ, ఒకే ఒక్క ప్రశ్నతో మనిషిని కూలదోస్తాడనీ పేరు. ఆ ప్రశ్న ఏదో సిద్ధాంతికి తెలుసు. రెండొందల పన్నెండు నవలలకీ ఒకే బుద్ధి ఎలా పుట్టిందయ్యా? ఆరేళ్లలో ఎన్నోసార్లు ఆ అనుమానం లోపలినుంచి గీరింది. గీరినప్పుడల్లా ఇంకో అధ్యాయం రాసి దాన్ని కప్పెట్టాడు. ఇప్పుడు గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సెమినార్‌లో ఈ ముక్క చదివాను. హాలు పట్టక జనం కిటికీలకి వేలాడారు!"

"ఆ సెమినార్‌కి నేనూ వచ్చాను బావా. అక్కా, నేనూ, ఫ్యాను బాగుచేసే ఆయనా."

"ఆ ఫ్యానాయన నిచ్చెన మీంచి దిగకుండా గంటసేపు విన్నాడా లేదా? అదీ! మర్నాడు ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు. 'సార్, పద్దెనిమిది కేసులు తేలట్లేదు' అన్నాడు. 'తేల్చకండి, తేల్చకపోవడమే కళ' అన్నాను. వెళ్లి స్టేషన్‌కి తాళమేసి హాయిగా నిద్రపోయాడు. అది జడ్జిగారి చెవిన పడింది. నిండు కోర్టులో తీర్పు చదువుతూ, 'ఈ హత్య చేసినది' అని ఆపేసి, కళ్లజోడు మడిచి ఇంటికెళ్లిపోయారు. కోర్టంతా చప్పట్లు!"

"ఉరిశిక్ష పడాల్సినవాడు?" అడిగాడు మాస్టరు.

"వాడే అందరికంటే గట్టిగా కొట్టాడు. అంతెందుకు, ఓ నిజం హంతకుడే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు మాస్టర్. 'అయ్యా, చంపింది నేనా, మీ పాఠకుడా?' అని బావురుమన్నాడు. మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టాను."

"పట్టించలేదా?"

"పేరు చెప్పబోయాడయ్యా, నేనే సగంలో ఆపాను. సిద్ధాంతానికి భంగం కాదూ? ఇక అక్కణ్ణుంచి ఏడు దేశాల నుంచి ఫోన్లు. ఫుల్‌స్టాప్‌తో పనే లేదని తేలిపోయింది కదా, ప్రెస్సులవాళ్లు ఫుల్‌స్టాపులన్నీ బస్తాలకెత్తి పాతసామాన్లవాడికి తూకానికి వేసేశారు!"

చొక్కా వీపుకి అంటుకుపోయింది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. అప్పుడు ముసలాయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, ఆ పుస్తకాల లోపలి అట్ట మీద గుడ్లగూబ బొమ్మతో నీలం ముద్ర ఉంటుందా?"

"మీకెలా తెలుసండీ?"

"ఆ అద్దె దుకాణం నాదే. మూసేసినప్పుడు పుస్తకాలన్నీ మీ లైబ్రరీకి ఇచ్చేశాను."

"చూశారా!" సిద్ధాంతి లేచి నిలబడ్డాడు. "సాక్షి నడిచొచ్చాడు! చెప్పండి తాతగారూ, ఒక్కదాంట్లోనైనా హంతకుడి పేరుందా?"

"అన్నిట్లోనూ ఉంది బాబూ. జనం తీసుకెళ్లిన పుస్తకం తిరిగిచ్చేవాళ్లు కాదు. అందుకని ఆఖరి కాగితం బ్లేడుతో కోసి కౌంటర్లో దాచుకునేవాణ్ణి. పుస్తకం తెచ్చిచ్చినవాళ్లు, అక్కడే నిలబడి ఆ కాగితం చదువుకుని వెళ్లేవాళ్లు. లైబ్రరీకి ఇచ్చినప్పుడు కాగితాల సంగతే మర్చిపోయాను. ఈ నవలల మీద ఎవరో పెద్ద చదువు చదువుతున్నారు, ఇవాళే వైవా అని లైబ్రేరియన్ చెబితే, ఇచ్చిపోదామని తెచ్చాను." సంచిలోంచి దారంతో కట్టిన కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే అసలు కోత ఈయనది, బావా," అన్నాడు బావమరిది. అన్నాక వాడికే బాధేసింది.

సిద్ధాంతి పైకాగితం చేతిలోకి తీసుకున్నాడు. కాగితం నెత్తిన మొదటి మాట, 'వంటమనిషి.' ఆ పక్కనే పెద్ద ఫుల్‌స్టాప్. ఆరేళ్లు, నాలుగొందల పేజీలు, బకెట్లో కాళ్లు పెట్టుకుని టైపు చేసిన మనిషి. అతనికి ఏడుపొచ్చింది.

"మీ గైడుగారు చెప్పలేదా?" ముసలాయన నొచ్చుకున్నాడు. "ఆయన పేరు కూడా లైబ్రేరియనే చెప్పారు. మా పాత ఖాతాదారే, వారానికి రెండు పట్టుకెళ్లేవారు! ఆఖరి కాగితం నా ఎదురుగా నిలబడే చదివేవారు."

"ఎలా చెప్తారండీ," అన్నాడు మాస్టరు, "చెప్తే చదివినట్టు తెలిసిపోదూ?"

అటెండరు గుమ్మంలోకి వచ్చి కేకేశాడు. "లోపల పిలుస్తున్నారు, రండి!"

"బావా, కళ్లు తిరుగుతున్నాయని చెప్పేద్దాం," బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "ఓ చిన్న అబద్ధం నీకో లెక్కా?"

సిద్ధాంతి నోరు తెరిచాడు. ఒక్క కోతా రాలేదు. "వద్దురా. మీ అక్కకి సాయంత్రం మొహం చూపించాలి. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను," అని కట్ట చంకన పెట్టుకుని బయల్దేరాడు. నాలుగడుగులు వేసి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. గబగబా వెనక్కొచ్చి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

"తాతగారూ, మీరూ లోపలికి రండి."

"నేనెందుకు బాబూ?"

"ఇంతకాలానికి నా నోటికి ఒక నిజం దొరికిందండీ. నేను చెబితే ఎవరు నమ్ముతారు?"