నాన్న విన్న ఇంజిన్

ఆ, హలో… నేనే. చెప్పు చెల్లీ.

…లేదు లేదు, ఖాళీగానే ఉన్నా. ఇప్పుడే ఓ డొక్కు కారు కింద నుంచి బయటికొచ్చా. చేతులన్నీ గ్రీజు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నా. చెప్పు…

…వచ్చేసిందా? నీ కారుకి సూపర్‌చార్జరేనా?

…బిగించేశారు కూడానా! ఎవరు… నాన్నేనా?

…ఒక్కరే?

…ఓహో.

…ఏం లేదే, సంతోషంగానే ఉన్నా. నా గొంతే అంత.

…కాదు, నా బండికి పెట్టమని నేనడిగినప్పుడు ఏమన్నారో గుర్తొచ్చింది. "హాయిగా తిరుగుతున్న ఇంజిన్‌లోకి గాలి బలవంతంగా కూరడమెందుకే, దాని ఆయుష్షు తినెయ్యడానికా" అన్నారు. నా మొహం మీదే. నువ్వడిగితే ఏమన్నారు?

…సరే అన్నారా. ఉత్తినే… సరే?

…ఒక్క మాటైనా ఎదురు చెప్పలేదా. బాగుంది. పోనీలే, చిన్నదానివి. ముద్దుల కూతురివి.

…దెప్పట్లేదు. ఉన్నమాటే అంటున్నా. ఇంతకీ ఫోనెందుకు చేశావ్?

…ఇంకా ఏమేం మార్చాలా? నన్నడుగుతావేంటి, అంత పెద్ద మెకానిక్కుని ఇంట్లో పెట్టుకుని?

…ఆ. ఆదివారం రేసులోగా రెండే కుదురుతాయి. ఏవి అనుకుంటున్నావ్?

…సైలెన్సరు. ఊఁ… ఇంకోటి?

…చక్రాలు. ఎర్రవా! బాగుంటాయి, ఫోటోల్లో బాగా పడతాయి.

…మరి పెట్రోలు పంపు? పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు?

…రేసయ్యాక. క్లచ్చు, బ్రేకులు కూడా… రేసయ్యాకే.

…

…లేదు, వింటున్నా. నీ ఇష్టం.

…అంటే, నీ ఇష్టమనే. నేనేం చెప్పను? అదే రేసులో నేనూ ఉన్నానాయె. పోటీలో ఉన్నదాన్ని సలహా అడిగితే ఎలాగే?

…నవ్వుతూనే అన్నాలే.

…అవును, పోయినసారి కప్పు నాదే. ఈసారి నీదంటావా? చూద్దాం. కొత్త కోరలు మొలిచాయిగా నీ బండికి.

…నాన్నకివ్వు ఓసారి.

…పనిలో ఉన్నారా. నేను చేసినప్పుడే వస్తుంది ఎక్కడలేని పనీ. హలో అంటానో లేదో, ఫోన్ నీ చేతిలో పెట్టేసి వెళ్ళిపోతారు. పోయిన పండక్కి… పుట్టినరోజుక్కూడా అంతే. తెలుసులే. కొత్త బండి, కొత్త మోజు. నా బండికున్న ప్రతి బోల్టూ ఆయన చేత్తో బిగించిందే. ఇప్పుడది ఉందో పోయిందో కూడా అడగరు.

…నాకేం కడుపుమంట లేదు! …ఉంటే ఉంది. నీకేంటి?

…వినిపిస్తావా? వినిపించు. అంత ముచ్చటేంటో మేమూ వింటాం. బండి రోలర్ల మీదుందా, చక్రాలు ఉన్నచోటే తిరిగేలా?

…అయితే నాన్నని సీట్లో కూర్చోమను. గేరులో వేసి, ఎత్తు ఎక్కుతున్నట్టు బరువు మీద తొక్కమను. ఫోన్ తెచ్చి బానెట్ పక్కన పెట్టు.

…ఆ, వినబడుతోంది…

…అబ్బో. కూత బాగానే ఉంది…

…ఊఁ. ఇంకొంచెం తొక్కమను.

…

…ఇంకొంచెం.

…ఆగు. ఆపు… ఆపమను! కాలు తియ్యమను!

…అరిచినా తియ్యట్లేదా? చెయ్యి ఊపు! కాదు, కిటికీలోంచి నువ్వే తాళం తిప్పు… పరుగెత్తు!

…

…ఆగిందా?

…హమ్మయ్య. కూర్చో కాసేపు. నేనూ కూర్చుంటా.

…ఏం విన్నానా? నువ్వు వినలేదా? రేకు డబ్బాలో గోళీలేసి ఊపినట్టు…

…సూపర్‌చార్జరు కూత కాదే, దాని వెనకాల. సన్నగా. గాలి కూరుతున్నాం సరే, ఆ గాలికి సరిపడా పెట్రోలు ఏదీ? పాత పంపు ఎంతని తోడి పోస్తుంది? పెట్రోలు చాలక లోపల వేడెక్కిపోయి, అంటుకోవాల్సిన క్షణంలో కాకుండా ఎప్పుడు పడితే అప్పుడు పేలుతోంది. ఇంకాసేపు తొక్కుంటే పిస్టన్లు కరిగి ముద్దయ్యేవి. ఆదివారం, వేగం మీద, మలుపులో అయ్యుంటే… వద్దులే. అనను.

…నీకు తెలీదు, ఒప్పుకుంటా. నీ చెవికింకా అలవాటు కాలేదు. కానీ నాన్నకి? ఈ చప్పుడు నాకు నేర్పిందే ఆయన. వీధి మొదట్లో బండి వస్తుంటే అరుగు మీంచే చెప్పేవారు కదే, ఒక సిలిండరు సరిగ్గా కొట్టట్లేదని. ఏమన్నారు ఇప్పుడు?

…బ్రహ్మాండంగా ఉందన్నారా?

…

…చెల్లీ, ఆయన ఎటు తిరిగి ఉన్నారు?

…బల్ల వైపా. నీకు వీపేగా కనబడుతోంది? ఓసారి పిలువు. మామూలుగా.

…గట్టిగా పిలువు.

…ఇంకా గట్టిగా. నాకే చెవులు గింగుర్లెత్తాయి…

…తిరగలేదా.

…

…ఏడవకు. ముందు నేను చెప్పేది విను. ఆయన ముందుకెళ్ళి మాట్లాడితే జవాబిస్తారా?

…మొహం చూసి. పెదాలు చూసన్నమాట. అందుకే నీతో కులాసాగా కబుర్లు. ఫోన్లో నా పెదాలు ఎక్కడ కనబడతాయి…

…ఈమధ్య దేనికైనా సరే అనేస్తున్నారా? వంటేం చెయ్యమంటారంటే సరే… సూపర్‌చార్జరు పెట్టించుకోనా నాన్నా అంటే సరే. తర్వాత డబ్బా ఇంటికొచ్చాక వెనక్కి తగ్గలేక బిగించి ఉంటారు. అయ్యో రామా. ఆ ఒక్క 'సరే'కి నేను ఎంత ఉడికిపోయాననుకున్నావ్!

…నీ తప్పేం లేదు. నువ్వు రోజూ పక్కనే ఉంటావు, రోజూ చూసేవాళ్ళకి ఇలాంటివి తెలీవు. ఇందాక నీ ఇష్టం అన్నాను చూడు… అది మనసులోంచి వచ్చింది కాదు. పంపు మార్చకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నా. ఒళ్ళు మండి.

…తిట్టు. తర్వాత ఎదురుగా వస్తాగా, అప్పుడు తిట్టు. ఇప్పుడు రాసుకోనక్కర్లేదు, బుర్రలో పెట్టుకో. ముందు పంపూ ఇంజెక్టర్లూ. వాటికి తగ్గట్టు బండి కంప్యూటర్లో పెట్రోలు లెక్క మార్పించాలి. అప్పుడు గాలి చల్లబరిచే ఇంటర్‌కూలరు. వేగం పెరిగింది కాబట్టి బ్రేకులు, ఆ ఊపుకి జారిపోకుండా క్లచ్చు. ఇవన్నీ అయ్యేదాకా ట్రాకు మాట ఎత్తొద్దు.

…అవును, ఆదివారం వద్దు. నేనూ రేసులో దిగను. ఆ ఎర్ర చక్రాలు ఎక్కడికీ పోవులే.

…పంపు కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. నా దగ్గరుంది. పెద్దది. ఇంజెక్టర్లు కూడా ఉన్నాయి.

…ఎందుకంటే… నా బండికీ సూపర్‌చార్జరు పెట్టడానికి నాన్న ఎప్పటికైనా ఒప్పుకుంటారని తెచ్చి పెట్టుకున్నా. అట్ట కూడా విప్పలేదు. రోజూ పొద్దున్నే ఓసారి దుమ్ము దులిపి పెడతా.

…సంబరపడిపోకు. ఇవ్వబుద్ధి కావట్లేదు నాకు. అయినా తెస్తున్నా. చేతులు కడుక్కుని బయల్దేరతా.

…ఏంటి? ఎవరడుగుతున్నారు?

…ఫోన్ ఇమ్మంటున్నారా? నా పేరు కనబడిందా తెర మీద? ఇవ్వు ఇవ్వు…

…నాన్నా! నేను, పెద్దదాన్ని… వినబడుతోందా?

…నాన్నా?

…ఆ. చెప్పండి.

…పెరట్లోకొచ్చారా. ఒక్కరే.

…ఊఁ… ఊఁ…

…ఎప్పట్నుంచి?

…డాక్టరేమన్నారు? …నేనడిగేది వినబడదు కదా మీకు. సరే, మీరే చెప్పండి. నేను ఊఁ కొడుతుంటా.

…ఊఁ.

…ఇందాక తొక్కినప్పుడు బండి సన్నగా వణికిందా? స్టీరింగు మీద చెయ్యి పెడితే తెలిసిందా మీకు?

…అనుమానం వచ్చింది… కానీ వినబడలేదు. అందుకని నన్ను రమ్మంటున్నారు. నా చెవి కావాలి.

…వస్తున్నా నాన్నా. వచ్చేస్తున్నా.

…ఏంటి? మళ్ళీ చెప్పండి…

…ఇంకెవరికీ చెప్పలేదా. నాకొక్కదానికేనా.

…చెల్లికి చెప్పొద్దా. బెంగ పెట్టుకుంటుందా…

…లేదు నాన్నా. దానికేం తెలీదు. ఒట్టు. నాకొక్కదానికే తెలుసు.

…హలో? పెట్టేశారా నాన్నా?