మంత్రిగారి తొట్టికి మూత

వంటింటి బల్ల మీద చేపలతొట్టి కోసం చేసిన చెక్కమూత వెల్లకిలా పడి ఉంది. దాన్ని చేసిన పెద్దమనిషి వేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు, ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"లైటు బిగించారుగా, ఇంకా లోపల ఏదో అంటించాలా?"

"అంటించకపోతే సగం వెలుగు చెక్కే తాగేస్తుంది. అమ్మాయి ఫోన్లో ఏమంది? 'తొట్టికి లైటు పెట్టు, నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి నా మంత్రిగారు తళతళా కనబడాలి నాన్నా' అంది."

"చేపకి తళతళ దేనికండీ? మామూలుగా కనబడితే చాలదూ?"

"నేనూ అదే అనుకుంటున్నా."

"సాయంత్రానికి వచ్చేస్తుంది. ఏదో ఒకటి కానివ్వండి. వెండికాగితం ఇవ్వనా?"

"ముడతలు పడుతుంది. ముడతలున్నచోట వెలుగు చెదిరిపోతుంది."

"చెదిరితే మంచిదేగా!"

"మంచిదే అనుకో… కానీ తేమకి పాడవుతుంది."

"పోనీ అద్దం?"

"అమ్మో, బరువు! నేను కొట్టిన మేకుల సంగతి నీకు తెలీదా? ఆ గోడగడియారం ఏమైంది?"

"నా నెత్తిన పడింది."

"మరి! చేపకి నెత్తి కూడా సరిగ్గా ఉండదు. అసలు అన్నిటికన్నా బాగా మెరిసేది చిప్స్ పాకెట్ లోపలివైపు. ముడత పడదు, తుప్పు పట్టదు."

"అందుకా, ఇన్నాళ్ళూ గుట్టలుగుట్టలు తిన్నారు?"

"పరిశోధన."

"పరిశోధన పొట్టలో కనబడుతూనే ఉంది. అయితే అదే అంటిస్తారా?"

"అంటించొచ్చు. కానీ అంత వెలుగంటే పాపం దాని కళ్ళు…"

"అవునవును! అసలే రెప్పల్లేవు."

"తెల్ల పెయింటు డబ్బా అడుగున కాస్త ఉంది. అదీ బాగానే వెలుగు కొడుతుంది."

"బాగానేనా? అయితే వద్దులెండి."

"వద్దులే. పోనీ… నవ్వకు… నల్ల రంగేస్తే?"

"నల్ల రంగా? బ్రహ్మాండం!"

"ఆగాగు. నా మాటకి నువ్వు బ్రహ్మాండం అన్నావా?"

"అనకూడదా?"

"పెళ్ళయ్యాక ఇదే మొదలు. 'వెలుగు కావాలంటే నల్ల రంగేంటి, బుర్రుందా' అనాలి నువ్వు. ఎందుకనలేదు?"

"ముందు మీరెందుకన్నారు?"

"నా బుర్ర సంగతి ఊరందరికీ తెలిసిందే. నువ్వు చెప్పు."

"మీరే చెప్పండి."

"నువ్వు చెప్పవే!"

"మంత్రిగారు… పోయారండీ."

"పోవడమేంటి? ఇందాకే మసకలో చూశా, గిరగిరా తిరుగుతున్నాడు."

"ఆయన మంత్రిగారు కాదు. వానల్లో మీరు ఆఫీసు పని మీద ఊరెళ్ళారు చూశారూ… పొద్దున్నే లేచి చూస్తే వెల్లకిలా తేలుతున్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్లకేం చెప్పను? అదే రంగుది వెతికి తెచ్చి వేసేశా. తోక మీద మచ్చ ఉన్నది మాత్రం దొరకలేదు."

"అమ్మయ్య!"

"అమ్మయ్యేంటి? జాలీ దయా లేకపోతే సరి!"

"అది కాదే! నువ్వు పోగొట్టింది మంత్రిగారిని కాదు. అసలు మంత్రిగారిని ఎండాకాలంలోనే నేను… నీళ్ళు మారుస్తూ, నువ్వు స్నానానికి కాచుకున్న నీళ్ళ బకెట్ పోసేశా."

"అయ్యయ్యో! ఆ రోజు నా నీళ్ళేమయ్యాయంటే ఒలికిపోయాయన్నారు!"

"ఒలికాయిగా మరి, తొట్టిలోకే! మచ్చ ఉన్నది దొరికేదాకా కొట్లన్నీ తిరిగా. అదీ ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు దొరికింది. నువ్వు పట్టి చూడలేదు, బతికిపోయా."

"అంటే ఇప్పుడున్నది…"

"మూడో మంత్రిగారు."

"నవ్వకండీ! పిల్ల ఎంత నమ్మి ఇచ్చిందనీ!"

"నవ్వితే కన్నీళ్ళు రావులే అని నవ్వుతున్నా. వెళ్ళేటప్పుడు 'నువ్వున్నావుగా నాన్నా, నాకు బెంగలేదు' అంది. నేనున్నాను, చూశావుగా, ఎలా ఉన్నానో!"

"ఏం చేద్దామండీ?"

"ఆ తెల్ల పెయింటు ఇటివ్వు."

"చెప్పేస్తారా?"

"చెప్పేస్తా. కూతురి ముందు చీకటి చేసుకు బతికే బతుకు నా వల్ల కాదు."

"ఇదుగో, తనే ఫోన్ చేస్తోంది. బస్సెక్కినట్టుంది."

"స్పీకర్ పెట్టు. బుజ్జీ… తల్లీ… నీ మంత్రిగారు… నేను ఎండాకాలంలో వేడినీళ్ళు…"

"నేనూ ఒకదాన్ని పోగొట్టానే తల్లీ!"

"నువ్వుండు! బుజ్జీ, వింటున్నావా? కోపమొచ్చిందా?"

"లేదు నాన్నా. మచ్చ ఎడమవైపు నుంచి కుడివైపుకి గెంతిన రోజే వీడియోలో చూశా, కూర్చుని ఏడ్చా కూడా. మీరే చెప్తారు, మీరే చెప్తారు అని చూస్తుంటే ఎంతకీ చెప్పరే! అందుకే ఆ లైటు పెట్టమన్నా."