చేంజర్ ఎంచిన చెవులు

"సీడీ చేంజర్ కొనడమంటే ఏమనుకున్నారు? గుడ్డ చూసి చొక్కా కుట్టించుకోవడం అనుకున్నారా? ఏమనుకోకు బావా, నీ పనిని అనలేదు" అంటూ మొదలుపెట్టాడు లౌడ్‌స్పీకర్ బాబాయ్, టీ కొట్టు బల్ల మీదికి రెండు కాళ్లూ లాక్కుని.

బావ అంటే వీధి చివర టైలర్. పిల్లల బడి కోసం ఆయన భార్యాపిల్లలు రోజంతా ప్రయాణం చేస్తేగానీ చేరని ఊళ్లో ఉంటున్నారు. పోయిన నెల పిల్లలిద్దరూ తమ గొంతులు రికార్డు చేయించి ఒక సీడీ పంపించారు. దానికి ఇంకో కాపీ లేదు. సీడీలు తనే మార్చి మార్చి పాడే చేంజర్ ఒకటి కొంటానని, షాపులో పెట్టి విని చూడ్డానికి నాలుగు రోజుల కిందట దాన్ని బాబాయ్ అడిగి పట్టుకెళ్లాడు.

"నా సీడీ తెచ్చావా?" అన్నాడు టైలర్.

"అదే చెప్తున్నా కదా! మామూలు వాళ్లు ఏం చేస్తారు? షాపువాడు పెట్టిన పాట విని తలూపి వచ్చేస్తారు. షాపువాడి సీడీ షాపువాడి మాటే వింటుంది బావా! మనకి తెలిసిన గొంతు మనం పట్టుకెళ్లాలి. నీ పిల్లల గొంతులు, వాళ్లిక్కడ ఉన్నన్నాళ్లూ నేను రోజూ విన్నవే కదా. సరే, షాపులో ఐదు చేంజర్లున్నాయి, అన్నీ హై ఎండ్‌వే, మహా ఖరీదైనవి. మొదటిదాంట్లో పెట్టించా. పెద్దాడు ఏడో ఎక్కం ఎత్తుకున్నాడు. మూడు ముక్కలు వినగానే ఆపమన్నాను. పిల్లాడికి జలుబు చేసినట్టుంది, ఈ మిషన్ పనికిరాదు, తీసెయ్యండి అన్నాను. షాపువాడికి చెమటలు! రెండోది మేలు రకం. గొంతుతో పాటు గదిలో ఫ్యాను తిరగడం కూడా వినపడింది. దానికి ఒక రెక్క కాస్త వంగి ఉందని కూడా చెప్పేశాను. ఉందా లేదా?"

"ఆ ఫ్యాను మోసుకెళ్లి బస్సెక్కించింది నువ్వే కదా. సీడీ ఎక్కడుంది?"

"ఆగు బావా, తొందరెందుకు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోదాంట్లో పెడితే, గోడ అవతల పక్కింటావిడ పొయ్యి మీద పాలు పొంగడం వినపడింది! ఉండబట్టలేక 'అమ్మా, పాలు!' అని అరిచాను."

"ఆవిడకి వినపడిందా?" అంది టీ కొట్టు అక్క, టీ వడగడుతూ.

"వినపడకేం? పొయ్యి కట్టేసిన చప్పుడు కూడా అందులోనే విన్నాం!"

"పోయిన నెల పొంగిన పాలకి మొన్న పొయ్యి కట్టేసిందా?"

"హై ఎండ్ అంటే అదే అక్కా! ఇక నాలుగోది. పెద్దాడు ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నాడు. చేంజర్ టక్కున ఆగింది. ట్రే వెనక్కి ఒక చుట్టు తిరిగింది. మళ్లీ అక్కణ్నించే ఎత్తుకుని యాభై ఆరు అనిపించింది!"

"మావాడు తప్పు చెప్పలేదు" అన్నాడు టైలర్ గట్టిగా. "వందసార్లు విన్నాను. యాభై ఆరే."

"చూశావా మరి! నువ్వు ముందు విన్నవి కూడా దిద్దేసింది! ఇంక ఐదోది ఉంది చూడండీ, మూడు వందల సీడీలు పడతాయి, బీరువా అంత ఉంటుంది. అందులో మీ చిన్నది తుమ్మింది. షాపులో అందరూ మొహాలు తుడుచుకున్నారు, అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. కంపెనీ పెద్ద ఇంజనీరు పరిగెత్తుకొచ్చి నా చెవులు రెండూ టేపుతో కొలుచుకున్నాడు. సార్, ఇక మీదట మా చేంజర్లన్నీ ఈ కొలతకే చేస్తాం అని..."

టైలర్ లేచి నిలబడ్డాడు.

"పొద్దున కూడా చిన్నది ఫోన్ చేసింది. నాన్నా, రోజూ వింటున్నావా అని అడిగింది. వింటున్నానమ్మా అని నాలుగు రోజులుగా అబద్ధం చెప్తున్నాను. ఒక్క మాట చెప్పు బావా. సీడీ ఉందా, పోయిందా?"

బాబాయ్ బల్ల మీంచి కాళ్లు కిందికి దించాడు.

బల్ల చివర పనిముట్ల సంచీ పక్కన పెట్టుకుని టీ తాగుతున్న మనిషి గ్లాసు కింద పెట్టాడు.

"నేను ఆ షాపులో మెకానిక్కునండీ. ఈ వీధిలో ఒక టీవీ బాగుచేయడానికి వచ్చాను. సార్ వచ్చిన రోజు చేంజర్లు ఐదు కాదు, బయట పెట్టింది ఒక్కటే. ట్రేలో సీడీ పెట్టారు, ట్రే లోపలికెళ్లింది, కరెంటు పోయింది. అది ఒక్క మాట కూడా పలకలేదు. కరెంటు లేకపోతే ట్రే బయటికి రాదు కదా. సార్ గంటన్నర స్టూలు మీద కూర్చుని, రేట్ల కాగితంతో విసురుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు."

"మర్నాడు వెళ్లాను బావా! ఒట్టు!" అన్నాడు బాబాయ్. గొంతు సగానికి తగ్గిపోయింది. "అప్పటికే ఆ చేంజర్‌ని ఎవరో కొనుక్కెళ్లిపోయారట. సీడీ కూడా దాంతోనే పోయిందనుకుని అడక్కుండా వచ్చేశాను."

"ట్రే ఖాళీ చేయకుండా ఎలా పంపిస్తాం సార్?" మెకానిక్ సంచీలోంచి రెండు అట్టముక్కల మధ్య పెట్టిన సీడీ తీశాడు. "దీని మీద 'నాన్నకి' అని పిల్లల రాత ఉంది. ఏ నాన్నో తెలియక వెంటేసుకుని తిరుగుతున్నాను."

టైలర్ రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, వెలుతురుకి ఎత్తి, ఒక చుట్టు తిప్పి చూశాడు. ఒక్క గీత కూడా లేదు. "అమ్మయ్య" అంటూ బల్ల మీద కూలబడ్డాడు.

"అమ్మయ్య!" అన్నాడు బాబాయ్ ఆయనకంటే గట్టిగా. "నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు బావా. పోయిందని నీతో ఏ నోటితో చెప్పను?"

"షాపుకి రండి, ఇంకో రెండు కాపీలు తీసిస్తాను. ఇవాళ కరెంటుంది" అన్నాడు మెకానిక్.

టైలర్ సీడీని అట్టముక్కల మధ్య మళ్లీ భద్రంగా పెట్టుకుని లేచాడు. బాబాయ్ గబగబా చెప్పులు వెతుక్కున్నాడు.

"నేనూ వస్తా బావా, ఏ చేంజర్‌లో పెట్టి వినాలో నేను దగ్గరుండి..."

టైలర్ వెనక్కి తిరిగాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆయన మొహంలో నవ్వొచ్చింది.

"రా. నోరు మాత్రం అక్క దగ్గర దాచిపెట్టి రా."