పాత గడ్డిలో మొలిచినవి

అదిగో, మళ్లీ లేచావూ! పడుకోవే అని చెప్పి గేటు దాకా వెళ్లొచ్చేలోపు జడల్లేసుకుని, బుట్ట చంకన పెట్టుకుని తయారు. వంకాయలు ముదిరిపోతాయా? ముదరనీ. ఒక్కరోజు నువ్వు తోటలోకి వెళ్లకపోతే కొంపలేం అంటుకోవు. ఆ బుట్ట కింద పెట్టు. పెట్టమంటున్నానా?

కూర్చో. అక్కడ కాదు, ఇలా వెలుతురులోకి రా. కళ్లు పెద్దవి చెయ్యి. ఏం లేదులే, ఊరికే చూస్తున్నా. తెల్లగానే ఉన్నాయి. ఉన్నాయా? ఈ కిటికీకి పసుప్పచ్చ అద్దం ఎవడు పెట్టాడో గానీ, ఏదీ సరిగ్గా తెలిసి చావదు.

బాగుందంటావు. నిన్నంతా బకెట్టు వదలనిదానివి, ఇవాళ పొద్దున్నే రెండు గిన్నెల గంజి తాగావు. నవ్వుతున్నావు కూడా. అదే నాకు భయంగా ఉంది.

ఆ, పిచ్చే నాకు. అడ్డు రాకుండా విను. పది నిమిషాల్లో కారొస్తుంది. నేనే రమ్మన్నాను. మీ ఆయన్ని కూడా పనిలోంచి సరాసరి పెద్దాసుపత్రికే వచ్చెయ్యమని ఫోన్ చేశాను. పాపం అతను, ఏమైంది వదినా, ఏమైంది వదినా అని ఒకటే మాట.

ఏమైందో మొదట్నించీ చెప్పనీ. లేకపోతే నాకు నోరు పెగలదు.

నేను పుట్టగొడుగుల షెడ్డు పెట్టిన ఏడు నువ్వే కదూ అడిగావు? అక్కా, మూడు కోతలయ్యాక ఈ సంచుల్లో గడ్డి పారెయ్యడమేనా, నా మళ్లలో వేసుకోనా అని. తీసుకుపొమ్మన్నాను, నాకూ బెడద వదులుతుందని. షెడ్డులోంచి తీసింది తీసినట్టే వేశావు. వారం తిరక్కుండా టమాటా నారంతా అంచులు మాడి తలకాయ వేలాడేసింది. ఎంత ఏడ్చావో! అప్పుడు అక్కడా ఇక్కడా అడిగి తెలుసుకున్నాను. ఆ గడ్డిలో ఉప్పు ఎక్కువుంటుందట, బయట కుప్ప పోసి ఆర్నెల్లు వానకి తడవనిచ్చి, తిరగేసి తిరగేసి అప్పుడు వెయ్యాలట. అలాగే వేశాం. మరుసటేడు నీ వంగ మొక్కలు నడుము దాకా లేచాయి. రాయిలా ఉండే మట్టి పిడికిట్లోంచి పొడిపొడిగా రాలింది.

అప్పట్నించీ నా మాట నీకు వేదం. నాకూ తలకెక్కిందిలే. షెడ్డుకొచ్చిన ప్రతివాళ్లనీ నీ తోటకి లాక్కొచ్చి పాఠాలు చెప్పేదాన్ని. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని మీ బావగారు ఎగతాళి చేస్తే, పుట్టగొడుగు వాసనే పడని మనిషికి ఏం తెలుస్తుంది, మీరూరుకోండి అనేదాన్ని.

నిరుడు వానలకి నీ మళ్లలో తెల్లగా మొలిచాయి చూడు. అవి మనవే. గడ్డిలో మిగిలిన విత్తనం మళ్లీ లేచింది. లావు కాడ, పాలలాంటి గొడుగు, అచ్చం షెడ్డులో కాసినట్టే. నాలుగుసార్లు వండుకు తిన్నాం. అందుకే అందరి ముందూ గొప్పగా అన్నాను, నా గడ్డిలో మొలిచిందేదైనా నా పంటే, కళ్లు మూసుకుని తినండి అని. గడ్డి ఆర్నెల్లు బయట పడుంటే దాంట్లోకి ఏ గాలి ఏం మోసుకొస్తుందో, ఎవరికి తెలుసు? ఆ ముక్క నాకు తట్టలేదు.

మొన్న మధ్యాహ్నం మళ్లీ మొలిచాయని గిన్నెడు కోసుకొచ్చావు. నేను తరిగాను, నువ్వు ఉల్లిపాయలేసి వేయించావు. నిన్న తెల్లవారుజామున మొదలైంది నీకు. నీళ్లు పడలేదక్కా అన్నావు. అంతే అయ్యుంటుందని నేనూ తలూపాను.

ఇవాళ పొద్దున నాకు ఈ పని నేర్పిన సారుకి ఫోన్ చేశాను. వండకుండా మిగిలిన రెండు పుట్టగొడుగులకీ ఫొటో తీసి పంపించాను. తిన్నాక ఎన్ని గంటలకి మొదలైందని అడిగాడు. పద్నాలుగన్నాను. వెంటనే వాంతులైపోతే ఇంత భయపడక్కర్లేదమ్మా, ఇలా ఆలస్యంగా పట్టుకునేవే మనిషిని తినేస్తాయి అన్నాడు. మధ్యలో ఒక రోజు అంతా తగ్గిపోయినట్టు ఉంటుందట. లేచి తిరుగుతారట, ఆకలేస్తుందట. లోపల కాలేయం మాత్రం పాడవుతూనే ఉంటుందట. ఆవిడ ఎలా ఉంది అని అడిగాడు. జడల్లుకుంటోంది అని చెప్పాను. అయితే ఒక్క నిమిషం కూడా ఆగకండి అన్నాడు.

మిగిలినవి డబ్బాలో పెట్టాను. డాక్టరుకి చూపించాలట.

ఏమిటీ? మళ్లీ అను.

నువ్వూ తిన్నావు కదక్కా, నీకేం కాలేదు కదా, అనా?

ఇదిగో, ఈ మాట అంటావనే పొద్దున్నించీ నీ మొహం చూడలేకపోతున్నాను.

నేను తినలేదు.

నువ్వు మంచినీళ్లకి లేచినప్పుడు నా కంచంలోది తీసి చెత్తబుట్టలో అడుక్కి తోసేశాను. నువ్వొచ్చేసరికి మూతి తుడుచుకుంటున్నాను. బాగుందా అక్కా అన్నావు. అదిరింది అన్నాను.

తరుగుతుంటేనే చూశాను. కాడ మీద పల్చగా ఉంగరంలా ఒక పొర ఉంది. గొడుగు మధ్యలో గోధుమ రంగు పొలుసులున్నాయి. మనవాటికి అవేవీ ఉండవు. వేలకి వేలు కోసిన చేతులివి, నాకు తెలియదా? కత్తి ఆగిపోయింది. ఏంటక్కా అన్నావు. ఏం లేదన్నాను.

ఇవేవో నాకు తెలియదే, పారేద్దాం అనాలి. అంతేగా! నాకు తెలియదు అనే ముక్క నీ ముందు నోటికి రాలేదు. ఏమీ కాదులే, అనవసరంగా భయపడుతున్నాను అనుకున్నాను. అనుకున్నదాన్ని నేను తినాలా వద్దా? నిన్ను తిననిచ్చాను. నిన్న నువ్వు మెలికలు తిరుగుతుంటే కూడా, తగ్గిపోతే ఎవరికీ తెలియదు కదా అని ఒక పగలంతా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ పగలు ఇంకెక్కణ్ణించి తేను?

అదిగో హారన్. చెప్పులేసుకో. డాక్టరుకి నేనే చెప్తాను, చూసి కూడా పెట్టానని. దారి పొడుగునా తిట్టు. బతికి బయటపడ్డాక ఈ జన్మలో నా గడప తొక్కకు, నా మొహం చూడకు. ఇప్పుడు మాత్రం రా.

అలా చూస్తూ కూర్చుంటే ఎలా? లే.

లేవలేకపోతున్నావా? కళ్లు తిరుగుతున్నాయా?

ఆ గోడెందుకే పట్టుకుంటావు... ఇక్కడ ఇంకెవరూ లేరు. నన్నే పట్టుకో.