తల మా వాటా, కాళ్ళు వాళ్ళ వాటా

ఇంచుమించు అనకు మేస్త్రీ, నీకు పుణ్యముంటుంది. ఈ ఇంట్లో ఇంకే మాటైనా అను, పడతాం. ఆ మాట మాత్రం వద్దు. "ఇంచుమించు మూడడుగులు" అన్నావు చూడు, అది గోడకి అటుపక్క మా మరిది చెవిన పడితే, ఇంచు ఎంత, మించు ఎంత అని నిలదీస్తాడు. ఇటుపక్క మా ఆయన చెవిన పడితే అదీ అడగడు. నీ చేతిలో టేపు లాక్కుని తనే కొలుస్తాడు.

కూర్చో. ఆ సిమెంటు ఇప్పుడే కలపకు. అన్నదమ్ములిద్దరూ పనుల్లోంచి రావడానికి ఇంకా టైముంది.

అసలు ఈ సందు ఎందుకు మిగిలిందో తెలుసుకోవద్దా నువ్వు? హాలు మధ్యలో ఇటు చివర్నుంచి కొంత గోడ, అటు చివర్నుంచి కొంత గోడ, నడుమ పన్ను ఊడినట్టు ఈ ఖాళీ. తలుపు పెట్టడానికి వదిలారనుకుంటారు చూసినవాళ్ళు. తలుపూ లేదు, తలకాయా లేదు. ఇక్కడ మా అత్తగారి మంచం ఉండేది.

మొదట్నుంచీ చెప్తాను, విను.

మా ఆయన వడ్రంగి. మరిది ప్లంబరు. నేను బట్టలు కుడతాను, అదిగో మిషను. మా తోడికోడలు టీవీలమ్మే షోరూములో పనిచేస్తుంది. నలుగురం ఆ అంగుళం పేరు చెప్పుకునే బతుకుతున్నాం. ఏం లాభం? ఎవరి అంగుళం వాళ్ళది.

నవ్వకు, నిజం. మా ఆయన రెండంగుళాల చెక్క అంటాడు. చిత్రిక పట్టాక కొలిచి చూడు, పావు తక్కువ రెండు. అయినా దాని పేరు రెండంగుళాలే. మరిది అరంగుళం పైపు అంటాడు. లోపల కొలువు, బయట కొలువు, అరంగుళం ఎక్కడా తగలదు. అడిగితే, "అది పేరు వదినా, కొలత కాదు" అంటాడు. నా సంగతి మాత్రం? ముప్పై ఆరు నడుమొచ్చి నా ముందు నిలబడితే, "ముప్పై నాలుగేనమ్మా" అని పైకనేసి ముప్పై ఆరుకే కుడతాను. ఆవిడా సంతోషిస్తుంది, కుట్టూ విడిపోదు. మరి మీ తొమ్మిదంగుళాల గోడో? రెండు వైపులా పూత పూశాక పది దాటదూ? ఆఁ, తలూపావు. ఒప్పుకున్నట్టే.

ఇలా ఎవరి లెక్క వాళ్ళం చూసుకుంటూ బానే ఉన్నాం. గోడ లేదు అప్పుడు. ఒకటే హాలు, ఒకటే పొయ్యి. గొడవంతా టీవీతో వచ్చింది.

వాళ్ళ షోరూములో చవగ్గా వస్తోంది, తెచ్చుకుందాం అంది తోడికోడలు. "ఎంతదమ్మా?" అన్నాడు మా ఆయన. "నలభై మూడు ఇంచులు బావగారూ" అంది. అంతే. ఈ మనిషి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న టేకు చెక్క బయటికి తీసి, గోడంతా షెల్ఫు చేసి, మధ్యలో టీవీకి గూడు పెట్టాడు. వెడల్పు నలభై మూడంగుళాలు. తింటున్నవాడు తింటున్నట్టే లేచెళ్ళి గరుకు కాగితంతో రుద్దేవాడు. ఎవరికోసం? ఇంట్లో అందరూ చూసుకునే టీవీ కోసం.

టీవీ వచ్చింది. చూడ్డానికి పక్కింటివాళ్ళూ వచ్చారు. గూట్లో పెట్టారు.

రెండు పక్కలా చెయ్యి దూరేంత ఖాళీ.

టీవీని పక్కకి కొలవరట కదా మేస్త్రీ! ఈ మూల్నించి ఆ మూలకి ఏటవాలుగా కొలుస్తారట. ఇదెక్కడి న్యాయం? నేను జాకెట్టుని ఏటవాలుగా కొలిచి ఇస్తే ఎవరైనా ఊరుకుంటారా?

మా మరిది నవ్వాడు. "అన్నయ్యా, ఈ పక్క నువ్వు నిలబడు, ఆ పక్క నేను నిలబడతా, నిండుగా ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం, నవ్వొచ్చింది మరి. మా ఆయన నవ్వలేదు. "ముందే చెప్పి ఉండొచ్చు కదమ్మా" అన్నాడు తోడికోడలితో. ఆ పిల్ల బెదిరిపోయి, "అందరికీ తెలుసనుకున్నాను బావగారూ" అంది. అందులో తప్పేం లేదు. కానీ నలుగురిలో ఏం తెలియనివాడిగా నిలబడ్డ మనిషికి ఆ మాట ఎలా వినపడుతుంది చెప్పు?

ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. పెరట్లోకెళ్ళి పైపు ముక్క ఒకటి పట్టుకొచ్చి తమ్ముడి ముందు పడేశాడు. "ఇందులో అరంగుళం ఎక్కడుందో చూపించరా ముందు. తర్వాత నవ్వుదువు గాని." వాడు "నీ రెండంగుళాల చెక్క తియ్యి, నేనూ చూస్తా" అన్నాడు. మాటా మాటా పెరిగింది. పైపులోంచి వంటింట్లోకొచ్చింది, వంటింట్లోంచి వాళ్ళ నాన్న ఎవరిని ఎక్కువ బాగా చూసుకున్నాడన్న దాకా పోయింది. అక్కణ్ణించి వెనక్కి తీసుకురావడం ఎవడి తరం? పంచుకుందాం అన్నారు.

ఇంట్లో మిగతావన్నీ తేలిగ్గానే తెగాయి. హాలు దగ్గరే వచ్చింది చిక్కు. దారం లాగి నేలమీద సున్నం గీత కొట్టారు. గీత సరిగ్గా ఫ్యాను కిందనుంచి పోయింది. ఫ్యాను కింద మా అత్తగారి మంచం.

తుంటి విరిగి పడుకున్న మనిషి. నోరు మాత్రం విరగలేదు. "గోడ కట్టుకోండిరా, నేనొద్దన్నానా? ఫ్యాను కిందనుంచి మాత్రం నేను కదలను" అంది.

"ఒక్క రెండడుగులమ్మా" అన్నాడు మా ఆయన.

"ఒక్క అంగుళం జరిపినా ముద్ద ముట్టను."

అన్నంతపనీ చేసే మనిషి. ఇద్దరికీ భయమే. అలా కట్టించారయ్యా ఈ గోడ. ఇటు మంచం పట్టెదాకా, అటు మంచం పట్టెదాకా. ఆ మేస్త్రి పని ముగించి చేతులు కడుక్కుంటూ, మంచానికి చొక్కా తొడిగినట్టు గోడ కట్టడం ఇదే మొదలమ్మా అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఇక చూడు మా వైభోగం. ఆవిడ తల మా వాటాలో, కాళ్ళు వాళ్ళ వాటాలో. మందూ అన్నం మేం పెట్టాలి, కాళ్ళు వాళ్ళు పట్టాలి. కొన్నాళ్ళకి తోడికోడలే అంది, "అక్కా, ఎప్పుడూ మీరే మాటలు పడుతున్నారు, తల కొన్నాళ్ళు మా వైపు తిప్పుదాం" అని. ఎంత మంచి పిల్లో! అప్పట్నుంచి వంతులేసుకున్నాం. తల ఎటుంటే అటు తిట్లు. మిగతావాళ్ళకి విశ్రాంతి.

అన్నదమ్ములకి మాటల్లేవు. ఇటు నిలబడి మా ఆయన, "అమ్మా, వాడి ట్యాంకు పొర్లుతోందని చెప్పు" అనేవాడు. అటు నిలబడి మరిది, "అమ్మా, మేమేం చెవిటివాళ్ళం కాదని చెప్పు" అనేవాడు. ఆవిడ చెప్పేది కాదు. "విన్నారుగా, నా నోరెందుకు నొప్పి" అనేది.

మాకిద్దరికీ మాత్రం బాగానే గడిచింది. ఆ మంచమే మా బల్ల. ఇటు కొసన నేను, అటు కొసన ఆ పిల్ల. ఆవిడ కాళ్ళ దగ్గర గుడ్డ పరిచి కత్తిరించుకునేదాన్ని. పిల్లలు మంచం కిందనుంచి దూరి ఎవరింట్లో మంచి కూరుంటే అక్కడ తినేవాళ్ళు. కూర గిన్నెలు ఆవిడ పొట్టమీదనుంచే అటూ ఇటూ పోయేవి. "వేడిగా ఉన్నవి తేకండే, నేను మనిషిని" అని అరిచేది.

పోయిందిలే.

మధ్యాహ్నం పూట. తల వాళ్ళ వైపున్న వంతు. నేను లైనింగు కత్తిరిస్తున్నాను. మా ఆయన అన్నానికి వచ్చాడు, వచ్చి అలవాటుగా దుప్పటి మీదనుంచి తల్లి పాదం పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అటువైపు మరిది అప్పుడే వంగి ఆవిడ నుదుటిమీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గోడ కట్టాక మొదటిసారి మరిది "అన్నయ్యా" అన్నాడు.

మా ఆయన "ఊఁ" అన్నాడు.

అంతే. 

మంచం తీసేశాం. చిత్రమేంటంటే, మంచం అడ్డంగా ఉన్నన్నాళ్ళూ అందరం దాటాం. అడ్డం పోయాక ఎవరూ దాటట్లేదు. దారి బార్లా తెరుచుకుని ఉంది కదా, అడుగు పడదు. పిల్లలు కూడా ఇక్కడిదాకా వచ్చి ఆగి, వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్తున్నారు. ఇదేం విడ్డూరమో!

"ఇక మూసేద్దాం" అన్నాడు మరిది. "మూసెయ్యి" అన్నాడు మా ఆయన. అదొక్కటే మొదటిమాటకి కుదిరింది. ఎంత మందం అన్న దగ్గర ఆగింది. నాలుగున్నర అంగుళాల ఇటుకే పెట్టాలంటాడు ఈయన. మూడంగుళాల పలక చాలు, నా స్థలం తినకు అంటాడు మరిది.

అది మొదలు. ఇప్పుడు సాయంత్రం పనిలోంచి రాగానే ఇటు ఒక కుర్చీ, అటు ఒక కుర్చీ. ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో టేపు. నీదెంత నాదెంత అని పోట్లాడుకుంటారు. నిన్న ఏం జరిగిందో తెలుసా? మాట మధ్యలో మరిదికి దగ్గొచ్చింది. "నీకింకా తగ్గలేదేంట్రా?" అన్నాడు మా ఆయన. "ముందు అంగుళం సంగతి తేల్చు" అన్నాడు వాడు. ఈయన లేచి లోపలికెళ్ళి నా దగ్గు మందు సీసా తెచ్చి, సందులోంచి అవతలి నేలమీద పెట్టాడు. పెట్టి, "నాలుగున్నరే" అన్నాడు.

నేనూ, వీధిలోంచి చుట్టు తిరిగొచ్చిన తోడికోడలూ మా వంటింట్లో నిలబడి విన్నాం. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి నా సంగతి లెక్కలోకి రాదు.

అందుకని మేస్త్రీ, విషయం చెప్పేస్తున్నాను. నువ్వు మొదటివాడివి కాదు. నీకంటే ముందొచ్చినవాళ్ళని మేమిద్దరమే టీ ఇచ్చి పంపేశాం. ఒకాయనకి ఒంట్లో బాగాలేదని చెప్పాం. ఇంకొకాయన ఇటుకల కోసం వెళ్ళి ఇంకా తిరుగుతూనే ఉన్నాడని చెప్పాం. నీకింకా ఏం వంక పెట్టాలో తోచలేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు. నేల వాలుగా ఉంది, పైన ఒక కొలత, కింద ఒక కొలత వస్తోంది, ముందు మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి అని చెప్పు. కొన్నాళ్ళు గడుస్తుంది మాకు. నీ కూలి ఎక్కడికీ పోదులే.

అబద్ధం ఎందుకవుతుంది? ఏ సందైనా పైనా కిందా ఒకేలా ఉంటుందా? కొలుచుకో, నీకే తెలుస్తుంది.

ఏంటి?

మళ్ళీ కొలువు.

పైనా ముప్పై ఆరు, కిందా ముప్పై ఆరా? నూలుపోగంత కూడా తేడా లేదా? ఖర్మ! ఊళ్ళో గోడలన్నీ వంకర్లు పోతాయి, మా గోడ కట్టడానికి దొరికినవాడే దొరికాడు పనిమంతుడు.

సరేలే. అబద్ధమే చెప్పు. ఆ పాపం మేం తోడికోడళ్ళిద్దరం చెరిసగం పంచుకుంటాం.