ఉప్పద్దిన ముద్ద

జపాన్‌లో ఓ పల్లె. మర్నాడే కమ్మరి కూతురు చిజురు పెళ్ళి. కూతురికని చేసిన చిన్న బాకుకు చెక్క ఒర రెండు బద్దలూ కలిపి అతికించి ఆయన చేతులు కడుక్కుంటుంటే, అన్నం ముద్దలు చుడుతున్న భార్యకు ఒక ముద్ద తక్కువైనట్టు కనిపించింది.

"ఏమండీ, ఒర దేంతో అతికించారు?"

"ఎప్పటిలాగే అన్నం నూరిన జిగురుతో. నీ పళ్ళెంలోదే ఓ ముద్ద తీశా."

"అయ్యో, అది ఉప్పద్దిన ముద్దండీ!"

"ఉప్పా? బాకు తుప్పు పట్టిపోదూ! రేపు పిల్ల పెళ్ళికూతుళ్ళ ఆనవాయితీగా కిమోనో నడికట్టులో దోపుకోవాలే."

"అడిగి తీసుకుంటే నోరు అరిగిపోతుందా?"

"ఉండవే. ఎప్పుడైనా విప్పి తుడుచుకోవచ్చనే కదా అన్నంతో అతికించేది. ఆ వెదురు చీలిక ఇలా ఇవ్వు... ఇదిగో, విడిపోయింది!"

"పెళ్ళింట అదేం మాటండీ! తెరుచుకుంది అనండి."

"సరే, తెరుచుకుంది. చెక్క ఎక్కడా చిట్లలేదు. కడిగి ఆరబెట్టి మళ్ళీ అతికిస్తా, పొద్దుటికి బిగుసుకుంటుంది."

ఆవిడ కుండలోంచి ఉత్త అన్నం తీసి పలక మీద నూరడం మొదలుపెట్టింది.

"ఇటివ్వు, నేను నూరతా."

"మీరాగండి. ఇనుమేమో మీ అమ్మగారి పాతింటి మేకులది, చెక్కేమో మీరు కొండ మీంచి మోసుకొచ్చింది. రేపు పిల్ల నడుమున దోపుకెళ్ళేదాంట్లో నా చెయ్యి కూడా కాస్త పడనివ్వండి."

ఆయన పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చాడు.